ఉలుకూ పలుకూ

"ఉలుకూ పలుకూ లేదు" అనే మాట మన ఇళ్ళల్లో రోజుకోసారైనా వినిపిస్తుంది. అలిగి గోడవైపు తిరిగి పడుకున్న పిల్లని అంటాం. ఫోన్లో తల దూర్చిన ఇంటాయన్ని అంటాం. స్పృహ తప్పిన మనిషిని చూసి గాబరాగా అంటాం. ఆ మాటలో ఉలుకు ముందు, పలుకు తర్వాత. పెద్దవాళ్ళు ఊరికే అలా పేర్చారో, చూసే పేర్చారో గానీ వరస మాత్రం సరిగ్గా ఉంది. బిడ్డకు మొదటి పలుకు రావడానికి ఏడాది దాకా పడుతుంది. ఉలుకు తల్లి కడుపులోనే వచ్చేస్తుంది.

1983లో అమెరికాలో బిర్న్‌హోల్జ్, బెనసెరాఫ్ అనే ఇద్దరు డాక్టర్లు గర్భిణుల పొట్ట మీద చప్పుడు చేసే పరికరం ఆనించి, లోపల బిడ్డ ఏం చేస్తుందో స్కానింగులో చూశారు. 24, 25 వారాలప్పుడు అక్కడక్కడా మొదలైన స్పందన 28 వారాలు దాటాక నిలకడగా కనిపించింది. చప్పుడు కాగానే బిడ్డ కళ్ళు గట్టిగా మూసుకుని ఉలిక్కిపడుతోంది. అంటే ఏడో నెలలో మనం సీమంతం చేసి గాజులు తొడిగే నాటికి, లోపలి బిడ్డకు ఉలుకు వచ్చేస్తోందన్నమాట.

ఇంత ముందుగా వచ్చే ఈ ఉలుకుకు మన ఇళ్ళల్లో మంచి పేరు లేదు. ఉలిక్కిపడిన పిల్లవాణ్ణి "పిరికోడు" అంటాం. వంటింట్లో తుళ్ళిపడిన ఆడమనిషిని చూసి నలుగురూ నవ్వుతారు. పసిబిడ్డ ఉలిక్కిపడితే జడుపు తగిలిందంటాం. ఈ మూడూ ఒకటేనా? మన భాష మాత్రం ఒకటి కాదనే చెబుతోంది. ఉలుకు వేరు, భయం వేరు, జడుపు వేరు. ఉలుకు ఒంటిది, రెప్పపాటులో వచ్చి పోతుంది. భయం మనసుది, ఎదురుగా ఏముందో తెలిశాక వస్తుంది. జడుపు ఆ తర్వాత కూడా లోపల మిగిలిపోయేది. శాస్త్రవేత్తలు ఈ మూడింటినీ విడదీసి చూడటానికి దాదాపు నూటయాభై ఏళ్ళు పట్టింది. ఆ కథ మన ఆడవాళ్ళు తెలుసుకోవలసిన కథ అని నాకనిపిస్తుంది.

ముందు మన చుట్టూ ఉన్న జీవాల సంగతి చూద్దాం. రాత్రి వంటింట్లో లైటు వేసి బొద్దింక మీదికి చెప్పు ఎత్తుతాం. చెప్పు కింద పడేసరికి అది సింకు వెనకాల ఉంటుంది. దాని వెనక భాగంలో రెండు చిన్న కొమ్ముల్లాంటివి ఉంటాయి, వాటి నిండా సన్నని వెంట్రుకలు. చెప్పు కంటే ముందు వచ్చే గాలి ఆ వెంట్రుకలకు తగులుతుంది. కెన్నెత్ రోడర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1940లలో ఈ దారిని వెతికి పట్టుకున్నాడు. గాలి తగిలిన తర్వాత దాదాపు 50 మిల్లీసెకన్లలో, అంటే సెకనులో ఇరవయ్యో వంతులో, బొద్దింక కదలడం మొదలుపెడుతుంది.

చేపలదీ అదే కథ. బుక్కపట్నం చెరువు గట్టున నిలబడి నీళ్ళలో ఒక రాయి వేస్తే, దగ్గర్లో ఉన్న చేప ఒళ్ళు కొడవలిలా వంచి ఒక్క విదిలింపుతో మాయమవుతుంది. చేప మెదడు అడుగున కుడికొకటి, ఎడమకొకటి రెండు పెద్ద నరకణాలు ఉంటాయి. 1859లో లుడ్విగ్ మౌత్నర్ వాటి గురించి రాశాడు కాబట్టి వాటిని మౌత్నర్ కణాలంటారు. ఒక వైపు చప్పుడైతే ఆ వైపు కణం కొట్టుకుంటుంది, ఒళ్ళు రెండో వైపుకి వంగుతుంది. ఆలోచించడానికి అక్కడ చోటే లేదు.

అయితే ఎప్పుడూ ఉలిక్కిపడుతూనే ఉంటే బతుకు సాగదు కదా. అందుకే అలవాటు అనేది ఒకటి ఉంది. మా వైపు చెనిక్కాయ చేలకు కాపలా ఉండేవాళ్ళకు ఇది బాగా తెలుసు. మొదటి రాత్రి డబ్బా వాయిస్తే అడవిపందులు పరుగో పరుగు. అదే డబ్బా అదే చోట నాలుగు రాత్రులు వాయిస్తే తలెత్తి చూసి మళ్ళీ తవ్వుకుంటాయి. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటికి వెళ్తే ఇంకోటి కనిపిస్తుంది. గుంట మగ్గం టకటకా మోగుతూనే ఉంటుంది, పక్కనే చీర ఉయ్యాలలో బిడ్డ హాయిగా నిద్రపోతుంటుంది. అదే బిడ్డ, చేతిలోంచి స్టీలు గిన్నె జారి పడితే మాత్రం ఎగిరిపడుతుంది. చెవి రెండు చప్పుళ్ళనూ వింటోంది. తెలిసిన చప్పుడును ఒళ్ళు వదిలేస్తోంది, తెలియనిదాన్ని పట్టుకుంటోంది.

ఇక మనిషి సంగతి. పుట్టపర్తికి ఆ పేరు ఎలా వచ్చిందో ఆ ప్రాంతం వాళ్ళు ఒక కథ చెబుతారు. ఒక గొల్ల తన ఆవు పాలను పాము తాగుతుండగా చూసి, పెద్ద రాయి విసిరి చంపాడట. చనిపోతూ పాము పెట్టిన శాపం వల్ల ఊరంతా పుట్టలు లేచాయట. ఆ రాయిని గోపాలస్వామి గుడిలో ఇప్పటికీ పూజిస్తారు. కథ నిజమా కాదా అన్నది పక్కన పెడితే, అందులో మనిషి గుణం ఒకటి ఉంది. పాము కనబడగానే ఒళ్ళు ముందు కదులుతుంది, ఆలోచన తర్వాత వస్తుంది.

దీన్ని తన మీద తానే పరీక్షించుకున్నవాడు చార్లెస్ డార్విన్. లండన్ జంతుప్రదర్శనశాలలో విషసర్పం ఉన్న గాజు అరకు మొహం ఆనించి నిలబడ్డాడు. అద్దం మందంగా ఉంది, పాము కాటు తగిలే అవకాశమే లేదు. ఏమైనా సరే వెనక్కి తగ్గకూడదని గట్టిగా అనుకున్నాడు. పాము అద్దం మీద కాటు వేసిన మరుక్షణం గజమో రెండు గజాలో వెనక్కి ఎగిరిపడ్డాడు. 1872లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతి దాచకుండా రాసుకున్నాడు. అంత తెలివీ, అంత పట్టుదలా ఉన్న మనిషికే ఒళ్ళు మాట వినలేదు. ఇక మన పిల్లవాడు బల్లి మీద పడితే కేక పెట్టాడని తిట్టడం ఏం న్యాయం?

ఆ పుస్తకంలోనే డార్విన్ తన బిడ్డ గురించీ రాశాడు. 114 రోజుల పసివాడి కళ్ళ ముందు ఒక అట్టపెట్టెను ఊపితే వాడు రెప్ప కూడా వెయ్యలేదట. అదే పెట్టెలో నాలుగు మిఠాయి గోళీలు వేసి గలగలలాడిస్తే, ఊపిన ప్రతిసారీ కళ్ళు గట్టిగా మూసి కొంచెం ఉలిక్కిపడ్డాడట. కంటితో చూసినదానికి లేని ఉలుకు చెవితో విన్నదానికి ఉంది. ఏ అమ్మమ్మైనా గిలక ఆడిస్తూ కనిపెట్టగలిగిన విషయమే. ఆయన రాసిపెట్టుకున్నాడు, అంతే తేడా.

దాదాపు ఆ రోజుల్లోనే ఇంగ్లండులో ఇంకో తండ్రి తన కొడుకును చూస్తున్నాడు. ఆయన పేరు విలియం జేమ్స్ వెస్ట్, టన్‌బ్రిడ్జ్ అనే ఊళ్ళో వైద్యుడు. బిడ్డకు నాలుగో నెలలో తల చిన్నగా ముందుకు వాలడం మొదలైంది. రానురాను తల మోకాళ్ళ దాకా వంగి, వెంటనే లేచి, మళ్ళీ వంగేది. ఒక్కో విడతలో పది, ఇరవై సార్లు వచ్చేది. బిడ్డ నవ్వడం తగ్గిపోయింది. తెలిసిన వైద్యాలన్నీ చేసి, ఏ దారీ తోచక, 1841లో 'లాన్సెట్' వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. ఇలాంటి బిడ్డను ఎవరైనా చూశారా, దీనికి మందు ఉందా అని సాటి వైద్యులను అడిగాడు. ఆ జబ్బుకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది, వెస్ట్ సిండ్రోమ్. అదొక రకం మూర్ఛ.

దీన్ని ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. చూడటానికి అది అచ్చం ఉలికిపాటులాగే ఉంటుంది. మన ఇళ్ళల్లో "జడుసుకుంటోంది" అనేస్తాం. తలగడ కింద ఇనుప ముక్క పెడతాం, తాయెత్తు కడతాం, నమాజు అయ్యాక మసీదు ముందు నిలబడి ఊదించుకొస్తాం, పెనుకొండ బాబయ్య దర్గాకు మొక్కుకుంటాం. కులం, మతం చూడకుండా తల్లులందరూ చేసే పనులివి. వాటిని నేను తప్పు పట్టను. నలుగురు పెద్దవాళ్ళు బిడ్డ తల నిమిరి "ఏం కాదులే తల్లీ" అంటే తల్లి గుండె కుదుటపడుతుంది. కానీ వాటితో ఆగిపోకూడని సందర్భం ఒకటుంది.

తేడా ఇలా గుర్తుపెట్టుకోండి. ఉలికిపాటుకు ఒక కారణం ఉంటుంది: చప్పుడో, ఉన్నట్టుండి ఎత్తడమో, దింపడమో. ఒక్కసారి వస్తుంది, పోతుంది. ఆ జబ్బులో చప్పుడు లేకుండానే వస్తుంది, ముఖ్యంగా నిద్ర లేచిన వెంటనే. ఒకదాని వెనక ఒకటి వరసగా వస్తుంది. నవ్వే బిడ్డ నవ్వడం మానేయవచ్చు, మెడ నిలిపిన బిడ్డ మెడ వాల్చేయవచ్చు. మామూలు ఉలికిపాటు తగ్గిపోవలసిన నాలుగు నుంచి ఆరు నెలల వయసులోనే ఇది ఎక్కువగా మొదలవుతుంది. అలా కనిపిస్తే ఫోన్లో వీడియో తీసి ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి. వెస్ట్ కాలంలో మందు లేదు. ఇప్పుడు ఉంది, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. హిందూపురం నుంచి బెంగళూరు దూరమేమీ కాదు. నరాల వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ అక్కడే ఉంది.

ఇక మామూలు ఉలికిపాటుకు వస్తే, దాన్ని పసిబిడ్డల్లో శ్రద్ధగా చూసినవాడు ఎర్నెస్ట్ మోరో. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పిల్లల డాక్టరు. విరేచనాలతో నీరసించిపోయే పసిపిల్లల కోసం 1908లో క్యారెట్ సూప్ పద్ధతి చెప్పింది కూడా ఈయనే. 1918లో ఆయన ఒక చిన్న పరీక్ష గురించి రాశాడు. బిడ్డను దిండు మీద పడుకోబెట్టి, తలకు రెండు వైపులా దిండు మీద చేతులతో కొట్టాడు. బిడ్డ రెండు చేతులూ బార్లా చాపి, వేళ్ళు విప్పి, మళ్ళీ దేన్నో కౌగిలించుకున్నట్టు దగ్గరికి తెచ్చుకుంది. మామూలు ఉలుకులో చేతులు ముడుచుకుంటాయి. ఇక్కడ చాచి పట్టుకుంటున్నాయి. అందుకే ఈ రెండింటినీ దగ్గరి చుట్టాలుగా చూస్తారే గానీ ఒకటి అనరు. పట్టుకునే ఆ చేతులు ఎక్కడివి? కోతి పిల్ల తల్లిని కరుచుకుని ఉండే కాలం నాటి గుర్తు అది అని మోరో అనుకున్నాడు.

లేపాక్షి గుడికి వెళ్ళినవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. తల్లి కోతి ప్రాకారం మీంచి గెంతుతుంటుంది, దాని పొట్ట కింద పిల్ల కరుచుకుని ఉంటుంది. మన పెద్దలు భక్తి గురించి చెబుతూ మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని రెండు పోలికలు చెప్పారు. కోతి పిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది, పిల్లి పిల్లను తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. మన బిడ్డ సంగతి ఈ రెండింటికీ నడుమ ఉంది. చేతులు కోతి పిల్లలా చాస్తుంది గానీ పట్టుకునే బలం లేదు. పట్టుకోవలసింది మనమే.

మన పొత్తిళ్ళు చేసే పని అదే. అమ్మమ్మ పాత నూలు చీర చింపి బిడ్డను చుట్టేది. అలా చుడితే చాచిన చేతులకు ఒక గోడ దొరుకుతుంది, బిడ్డ తన ఉలుకుకు తానే లేచి ఏడవదు. అయితే కాళ్ళు నిటారుగా లాగి బిగించి చుట్టకూడదు, తుంటి కీళ్ళకు మంచిది కాదు. నడుము కింద వదులుగా ఉండాలి. వెల్లకిలానే పడుకోబెట్టాలి. బిడ్డ బోర్లా పడే ప్రయత్నం మొదలుపెడితే చుట్టడం మానెయ్యాలి.

ఉలుకు లేకపోవడం కూడా ఒక కబురే. ఒక చెయ్యి చాచి రెండోది చాచకపోతే కాన్పులో భుజం నరమో, మెడ దగ్గరి ఎముకో దెబ్బతిందేమో చూడాలి. తలుపు ధనామని పడినా, ప్రెషర్ కుక్కర్ కూత పెట్టినా ఏమీ ఎరగనట్టు పడుకునే బిడ్డను చూసి "ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోకండి. చెవులు పరీక్ష చేయించండి. పుట్టు చెవుడును త్వరగా గుర్తించడం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఒక భాగం, ప్రభుత్వ ఆసుపత్రిలో అడగవచ్చు. ఉలుకు ఆలస్యమైతే పలుకూ ఆలస్యమే.

పెద్దవాళ్ళ ఉలికిపాటుకు వద్దాం. 1863లో రష్యా శాస్త్రవేత్త ఇవాన్ సెచెనోవ్ మెదడు గురించి రాస్తూ ఒక 'నరాల బలహీనత ఉన్న అమ్మగారి'ని ఉదాహరణగా తీసుకున్నాడు. "ఇప్పుడు బల్ల మీద కొడతాను" అని ముందే చెప్పి కొట్టినా ఆమె ఉలిక్కిపడుతుంది అంటాడు. మనసుకు తెలిసినా ఒళ్ళు ఆగదని చెప్పడం ఆయన ఉద్దేశం. మంచి మాటే. కానీ ఉదాహరణకు ఆడమనిషే ఎందుకు దొరికిందో చూడండి. ఆ కాలంలో ఉలికిపాటంటే ఆడవాళ్ళ జబ్బన్నట్టే ఉండేది.

దానికి జవాబు 1939లో వచ్చింది. కార్నీ లాండిస్, విలియం హంట్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు మనుషులకు తెలియకుండా వెనక నుంచి తుపాకీ పేల్చి, వేగంగా తిరిగే సినిమా కెమెరాతో చిత్రీకరించారు. ఆడా మగా అందరిలోనూ ఒకటే నమూనా. ముందు రెప్పలు మూసుకుంటాయి, మెడ ముందుకు వస్తుంది, భుజాలు లేస్తాయి, మోచేతులు ముడుచుకుంటాయి, పొట్ట బిగుస్తుంది, మోకాళ్ళు వంగుతాయి. రెప్ప మూసుకోవడానికి సెకనులో ఇరవై అయిదో వంతు చాలు. తుపాకీ పేల్చడం వృత్తిగా ఉన్న పోలీసులు కూడా రెప్ప వెయ్యకుండా ఉండలేకపోయారు. మీసం మెలేసినా రెప్ప ఆగదు!

ఆ దారి ఎంత చిన్నదో 1982లో మైకేల్ డేవిస్ బృందం ఎలుకల్లో చూపించింది. చెవి నుంచి మెదడు కాండానికి, అక్కడి నుంచి వెన్నుపాముకు, అక్కడి నుంచి కండకు. మొత్తం ప్రయాణం 8 మిల్లీసెకన్లు. బళ్ళో చదువుకున్న 'అసంకల్పిత ప్రతీకార చర్య' ఇదే. ఆలోచించే పై మెదడు ఈ దారిలో ఎక్కడా లేదు. కాబట్టి ఉలిక్కిపడిన మనిషిని పిరికి అనడం, తుమ్మిన మనిషిని పిరికి అనడం లాంటిదే.

మరి కొందరు ఎక్కువగా ఎందుకు ఉలిక్కిపడతారు? ఈ కథలో నా మనసును పట్టుకున్న భాగం ఇదే. 1951లో అమెరికాలోని అయోవాలో బ్రౌన్, కాలిష్, ఫార్బర్ అనేవాళ్ళు ఎలుకలకు ఒక గుర్తు చూపించి, వెంటనే కరెంటు షాక్ ఇచ్చారు. కొన్నాళ్ళయ్యాక షాక్ లేదు, ఉత్త గుర్తే. అయినా ఆ గుర్తు ఉన్నంతసేపూ చిన్న చప్పుడుకు కూడా ఎలుక మామూలు కంటే గట్టిగా ఎగిరిపడింది. ఉలుకు అదే, దారి అదే. లోపల ఉన్న భయం దాన్ని పెంచింది. మెదడులో బాదంకాయంత ఉండే అమిగ్డలా అనే భాగం ఆ పని చేస్తుందని తర్వాత డేవిస్ వాళ్ళు తేల్చారు. మనుషుల్లోనూ అంతే. చీకట్లో ఉన్నప్పుడు ఉలికిపాటు పెరుగుతుందని 1997లో పరీక్ష చేసి చూపించారు.

ఇది చదివాక ఇళ్ళు గుర్తొస్తాయి. సాయంత్రం బండి చప్పుడు వినగానే ఒళ్ళు బిగుసుకునే ఇల్లాళ్ళు ఉన్నారు. గ్లాసు కింద పెట్టిన చప్పుడుకు తుళ్ళిపడే కోడళ్ళు ఉన్నారు. నాన్న గొంతు సవరించుకుంటే పుస్తకం జారవిడిచే పిల్లలు ఉన్నారు. "దీనికన్నీ భయాలే" అని మనం తేల్చేస్తాం. ఆ భయం పుట్టుకతో తెచ్చుకున్నది కాకపోవచ్చు. ఆ ఇంట్లో ఏదో గుర్తుకూ ఏదో దెబ్బకూ ఎవరో ముడి వేశారేమో. దెబ్బ అంటే చేతి దెబ్బే కానక్కర్లేదు, అరుపు చాలు. ఉలుకు పుట్టుకతో వస్తుంది, జడుపు ఇల్లు నేర్పుతుంది. మీకు తెలిసిన ఆడపిల్ల పుట్టింటికి వచ్చినప్పుడల్లా చిన్న చప్పుళ్ళకు అదిరిపడుతుంటే నవ్వేయకుండా పక్కన కూర్చుని, ఎలా ఉన్నావని నిదానంగా అడగండి. నోరు చెప్పనిది భుజాలు చెబుతుండవచ్చు.

నేర్పిన జడుపు తగ్గుతుంది కూడా. గుర్తు వచ్చి దెబ్బ రాకపోవడం మళ్ళీ మళ్ళీ జరిగితే ఎలుకలో కూడా ఆ అదురు సన్నగిల్లుతుంది. మనుషులకు ఇంకాస్త ఎక్కువ కాలం పడుతుంది, అంతే.

మన పాత ఇళ్ళల్లో పెద్దవాళ్ళు లోపలికి వచ్చే ముందు వాకిట్లోనే దగ్గేవాళ్ళు. చెప్పులు చప్పుడయ్యేలా విడిచేవాళ్ళు. గడప దగ్గర నుంచే "అమ్మా, వస్తున్నా" అని పిలిచేవాళ్ళు. లోపల కాగే నూనె ముందు ఒకరు, బాలింత ఒకరు, నిద్రపోయే బిడ్డ ఒకరు ఉంటారని వాళ్ళకు తెలుసు. ఇప్పుడు వెనక నుంచి వచ్చి "భౌ" మని అరిచి, ఆ ఉలికిపాటును వీడియో తీసి నవ్వుకోవడం సరదా అయింది. పొయ్యి దగ్గర ఉన్న మనిషితో, కడుపుతో ఉన్న మనిషితో, ముసలివాళ్ళతో ఆ సరదా వద్దని పిల్లలకు చెప్పండి.

దీపావళి రాత్రి లక్ష్మీబాంబు పేలినప్పుడు మీ చిన్నది ఎగిరిపడి మీ చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుంటే, "ఇంత దానికేనా" అనకండి. ఆ ఎగిరిపాటు చేపలో, బొద్దింకలో, అందరిలోనూ ఉన్నదే. దాని తర్వాత ఆ చేతులు ఎవరిని పట్టుకున్నాయన్నదే మన చేతిలో ఉన్న సంగతి. ఒక నిమిషం ఎత్తుకోండి. గుండె నెమ్మదించాక అదే దిగి, చెవులు మూసుకుని మళ్ళీ వీధిలోకి పరిగెడుతుంది.